'హీ' అంటే ఎవరు సార్?

(బి.ఎస్సీ. వ్యవసాయం, మూడవ సంవత్సరం విద్యార్థి)

మన సంచికలో ప్రతి యేడూ కవితలుంటాయి. వరకట్నం మీద ఒక వ్యాసం, విద్యార్థులూ క్రమశిక్షణా అని ఇంకొకటి తప్పకుండా ఉంటాయి. ఇంగ్లీషు వ్యాకరణం మీద, అందులోనూ ఒకే ఒక్క ప్రశ్న మీద వ్యాసమేమిటని సంపాదకవర్గంలోని మిత్రులు నవ్వారు. "ఇంతకన్న పసుపు మీద రాయరాదు? మీ ఇంట్ల పండిస్తరు గదా" అన్నారు. రాయవచ్చు. కాని ఆర్నెల్ల సంది నా బుర్రను తొలుస్తున్న పురుగు వేరే ఉంది. దాని పేరు 'హీ'.

సంగతి ఇది. మన దగ్గర చదివేవాళ్ళలో చాలామంది చూపు బ్యాంకుల్లో వ్యవసాయ క్షేత్రాధికారి ఉద్యోగం మీద ఉంటుంది. ఆ పరీక్షలో ఇంగ్లీషు కూడా ఉంటుంది. అందుకని హాస్టల్లో మేం నలుగురం కలిసి రాత్రిపూట మోడల్ పేపర్లు చేస్తుంటాం. ఒక పేపర్లో వాక్యాన్ని నాలుగు ముక్కలు చేసి, తప్పు ఏ ముక్కలో ఉందో గుర్తించమన్నారు. "వెన్ హీ రీచ్డ్ ది మార్కెట్ యార్డ్" మొదటి ముక్క. "ది ఫార్మర్ ఫౌండ్" రెండోది. "దట్ ది ప్రైస్ ఆఫ్ టర్మరిక్" మూడోది. "హాడ్ ఫాలెన్" నాలుగోది. అయిదో జవాబు, ఏ తప్పూ లేదు అని.

నేను తప్పు లేదన్నాను. వెనక కీ తీస్తే మొదటి ముక్క తప్పని ఉంది. కింద వివరణ కూడా ఇచ్చారు: సర్వనామం ఎప్పుడూ నామవాచకం తర్వాతే రావాలట, ఇక్కడ 'ఫార్మర్' రాకముందే 'హీ' వచ్చింది కాబట్టి తప్పట. ముందు 'ది ఫార్మర్' అని రాసి, తర్వాత 'హీ' అని రాస్తే సరి అవుతుందట.

ఇక మా గదిలో యుద్ధమే. సిరిసిల్ల మిత్రుడు కీ వైపు. "హీ అంటే ఎవరో తెల్వకుండ ముందే హీ అంటె ఎట్ల? వాడు రైతు కాడు, వేరే మనిషి" అన్నడు. కోరుట్ల మిత్రుడు ఇంకా ముందుకు పోయి, "హీ అంటే అడ్తిదారు. ఆయన యార్డుకు వచ్చినంకనే గదా ధర పడేది" అన్నడు. ఒకటే నవ్వు. ధర పడిపోయిందన్న మాటలో మాత్రం మా నలుగురికీ అభిప్రాయభేదం రాలేదు. మేమందరం నిజామాబాద్ యార్డుకు పసుపు బస్తాలతో పోయి వచ్చిన ఇండ్లవాళ్ళమే, ఒక్క సిరిసిల్లాయన తప్ప. ఆయనది మగ్గాల ఇల్లు.

నవ్వులాటగా మొదలైనా నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఇదే నియమం మా అక్క నోట నేను విని ఉన్నాను.

మా పెద్దబాపు బిడ్డ ఆమె. డిగ్రీ అయినంక కరీంనగర్‌లో గది తీసుకుని రెండేండ్లు పోటీపరీక్షలకు చదివింది. ఆ రెండేండ్లూ పసుపు పైసలన్నీ గది కిరాయికీ పుస్తకాలకూ పోయినై. ఇంగ్లీషు కోసం నియమాలన్నీ ఒక పెద్ద నోటుబుక్కులో ఎర్ర సిరాతో రాసుకుంది. అందులో మొదటి పేజీలోనే ఉంది: 'నౌన్ ముందు, ప్రొనౌన్ వెనక. తిరగబడితే తప్పు.' పోయినేడు ఒక పరీక్షలో ఇలాంటి వాక్యమే వచ్చిందట. నోటుబుక్కులో ఉన్నట్టే తప్పని గుర్తుపెట్టి వచ్చింది. ఇంటికొచ్చి నాకు చెబుతూ, "అదొక్కటి మాత్రం పక్కా" అన్నది. చివరికి కొద్ది తేడాతో ఉద్యోగం పోయింది. ఆ ఒక్క ప్రశ్నతోనే పోయిందని నేననను, లెక్కల్లో కూడా కొన్ని పోయి ఉంటయి. కాని ప్రశ్న ఒక మార్కుదై, తప్పుకు పావు మార్కు కోత ఉంటే, ఒప్పును తప్పనుకున్నందుకు చేజారేది ఒకటింబావు మార్కు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ గ్రాడ్యుయేట్ పరీక్ష మొదటి దశలో ప్రశ్నకు రెండు మార్కులు, తప్పుకు అర మార్కు కోత. అక్కడైతే రెండున్నర. ఎంతమంది రెండున్నర మార్కుల లోపల ఒకరి వెనక ఒకరు నిలబడి ఉంటారో రాసినవాళ్ళకు తెలుసు. ఈ ఎండాకాలం అక్కకు సంబంధాలు చూస్తున్నరు.

అందుకే ఈ నియమం నిజమా కాదా అని తేల్చుకోవాలనిపించింది. గ్రంథాలయంలో కూర్చున్నాను. ఇంగ్లీషు నా సబ్జెక్టు కాదు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటర్‌లో ఇంగ్లీషు మీడియంలో పడి ఈదలేక ఈదినవాణ్ణి. తప్పులుంటే ఇంగ్లీషు శాఖ పెద్దలు మన్నించి దిద్దాలి.

మొదట నియమం ఎక్కడిదో చూద్దాం. మనకు చిన్నప్పుడు నేర్పిన నిర్వచనమే దానికి విత్తనం. నామవాచకానికి బదులు వాడేది సర్వనామం. బదులు అనగానే అసలుది ముందు ఉండాలి గదా అనిపిస్తుంది. ఇంగ్లీషులో ఆ అసలు నామవాచకాన్ని 'యాంటిసిడెంట్' అంటారు. లాటిన్‌లో 'యాంటె' అంటే ముందు, 'సెడెరె' అంటే నడవడం. ముందు నడిచేది అని పేరే చెబుతున్నది. పేరు పెట్టిన తర్వాత అది వెనక నడిస్తే పండితులకు కోపం రాదా? గైడు రాసినాయన అబద్ధం రాయాలని రాయలేదు, పేరును చూసి మోసపోయాడు. అంతే.

వెనకొచ్చే నామవాచకానికి ముందే సర్వనామం వాడే పద్ధతికీ ఒక పేరుంది, 'కెటాఫొరా'. గ్రీకు మాట. కిందికి మోసుకుపోవడం అని అర్థం. పేరుపెట్టి చదువుతున్నారంటేనే అది తప్పు కాదని, భాషలో ఉన్న ఒక పద్ధతేనని తెలుస్తున్నది. మన పాఠ్యపుస్తకాలే తెరిచి చూడండి. 'బికాజ్ ఆఫ్ ఇట్స్ షాలో రూట్స్' అని మొదలుపెట్టి, తర్వాత పైరు పేరు చెబుతారు. 'ఇన్ ఇట్స్ ఎర్లీ స్టేజెస్' అని మొదలుపెట్టి, తర్వాత తెగులు పేరు చెబుతారు. పొలాస పరిశోధనా స్థానం వరి వంగడాల గురించి రాయాలన్నా, 'బికాజ్ దే ఆర్ ఫైన్ గ్రెయిన్డ్' అని మొదలుపెట్టి ఆ తర్వాత జగిత్యాల సన్నాలు అని రాస్తే ఏ శాస్త్రవేత్తా ఎర్ర గీత గీయడు. మోడల్ పేపరు నియమం ప్రకారం మన నేల శాస్త్రం, సస్యశాస్త్రం, కీటకశాస్త్రం పుస్తకాలన్నీ తప్పుల కుప్పలే కావాలి.

రాజ్యాంగ ప్రవేశిక సంగతి ఇంకా తమాషా. 1949లో ఆమోదించిన ఆ ఇంగ్లీషు ప్రతిలో మొట్టమొదటి మాటే సర్వనామం. 'మేము' అన్న తర్వాతనే 'ప్రజలు' వస్తారు. మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో అది తిరగబడి, ముందు ప్రజలు వచ్చి తర్వాత 'మేము' వస్తుంది. అది ఇంకో రకం నిర్మాణం, పక్కపక్కనే పెట్టి ఒకదాన్ని ఒకటి వివరించడం అని వ్యాకరణం తెలిసినవారు అంటారు. ఒప్పుకుంటాను. కాని 'ఎప్పుడూ' అన్న మాట గైడు రాసినాయనది, నాది కాదు.

సరే, నియమం నిలవదు. మరి మా సిరిసిల్ల మిత్రుడు తెలివైనవాడే, ఇంగ్లీషులో నాకంటే నయం. ఆయనకు 'హీ' వేరే మనిషిలా ఎందుకు కనిపించాడు? నాకు అసలు ఆసక్తి పుట్టింది ఇక్కడే.

తెలుగులో చెప్పి చూడండి. 'యార్డుకు పోయినంక రైతు ధర చూసిండు.' మొదటి ముక్కలో 'వాడు' లేడు, 'ఆయన' లేడు, ఎవరూ లేరు. అక్కడ ఖాళీ. ఆ ఖాళీలో రైతే ఉన్నాడని మనకు తెలుసు. ఇప్పుడు ఆ ఖాళీలో సర్వనామం పెట్టి చూడండి. 'ఆయన యార్డుకు పోయినంక రైతు ధర చూసిండు.' వెంటనే ఇద్దరు మనుషులయ్యారు! ఆయనెవరో పోయాడు, ఆ తర్వాత రైతు చూశాడు. అంటే ఒకే మనిషి అయితే తెలుగు ఆ చోటును ఖాళీగా ఉంచుతుంది, వేరే మనిషి అయితేనే సర్వనామం పెడుతుంది. ఇంగ్లీషుకు ఆ ఖాళీ వాక్యం కుదరదు. 'వెన్' అని మొదలుపెడితే కర్త ఉండి తీరాలి, అందుకని 'హీ' పెడుతుంది. మా మిత్రుడు ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగు చెవితో విన్నాడు. ఆయనకు ఇద్దరు మనుషులు వినిపించారు. అడ్తిదారును తెచ్చిన మా కోరుట్లాయనదీ అదే చెవి.

'తన' అనే మాట ఇంకో ముచ్చట. 'తన పొలాన్ని రైతు అమ్ముకున్నడు' అంటే ఎవరి పొలం? రైతుదే. సర్వనామం ముందే వచ్చింది, ఎవరికీ అనుమానం రాలేదు. 'ఆయన పొలాన్ని రైతు అమ్మిండు' అంటే మాత్రం తగాదా, పంచాయితీ. ఇంత చక్కని తేడా చూపే పరికరం ఇంగ్లీషులో లేదు. రెండింటికీ 'హిజ్' ఒక్కటే. మన భాషలో లేనిది ఇంగ్లీషులో ఉందని వింటూనే ఉంటాం. ఇట్లాంటివి కూడా ఎవరన్నా క్లాసులో చెబితే బాగుండు. చేకూరి రామారావు గారి 'తెలుగు వాక్యం' 1975లో వచ్చింది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు గ్విన్ గారితో కలిసి రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం 1985లో వచ్చింది. మన వాక్యం ఎట్లా నడుస్తుందో శాస్త్రంగా చూసిన పుస్తకాలు మనకున్నాయి. ఇంగ్లీషు నేర్పే గైడుల్లో వాటి వాసన కూడా లేదు.

మాట్లాడే భాషలోనైతే మన ఊర్లల్ల సర్వనామమే ముందు. మా బాపు ఫోన్ చేసి, "వచ్చిండురా ఆయన, ట్రాక్టరాయన" అంటడు. మా అవ్వ, "అది మేస్తలేదు, మన నల్లబర్రె" అంటది. మనిషిని తలుచుకున్న తర్వాత పేరు యాదికొస్తుంది, లేదా వినేవాడికి తెలియదేమోనని చివర తగిలిస్తారు. (మా అవ్వకు కోడలూ 'అది'యే, బర్రే 'అది'యే. ఇంగ్లీషులో అట్ల అంటే ఊరుకోరు. చిన్నయసూరి గారి లెక్కలోనూ ఏకవచనంలో ఆడవాళ్ళకు క్రియ అమహత్తుల్లాగే వస్తుంది. ఆ తగాదా ఇంకో సంచికకు.)

మరి ఇంగ్లీషులో సర్వనామం ఎక్కడైనా ముందు రావచ్చునా? రాకూడదు. నియమం ఉంది, కాని గైడులో రాసింది కాదు. మన మార్కెట్ వాక్యాన్నే తిప్పి చూద్దాం. 'హీ ఫౌండ్ దట్ ది ప్రైస్ హాడ్ ఫాలెన్ వెన్ ది ఫార్మర్ రీచ్డ్ ది యార్డ్.' ఇక్కడ 'హీ' రైతు కాడు, కాలేడు. ఇప్పుడు నిజంగానే అడ్తిదారు వచ్చాడు! రెండు వాక్యాల్లోనూ సర్వనామం ముందే ఉంది, ఒకదాంట్లో రైతు, ఇంకొకదాంట్లో కాదు. తేడా ఎక్కడుంది? సంక్లిష్ట వాక్యం అని బడిలో చదువుకున్నాం గదా, అందులో ప్రధాన వాక్యం ఒకటి, దాన్ని ఆనుకొని ఉండే ఉపవాక్యం ఒకటి. సర్వనామం ఉపవాక్యంలో ఉంటే వెనకొచ్చే ప్రధాన వాక్యంలోని నామవాచకాన్ని సూచించవచ్చు. సర్వనామమే ప్రధాన వాక్యానికి కర్తగా కూర్చుంటే, తన కింది ఉపవాక్యంలోని నామవాచకాన్ని సూచించలేదు. అమెరికాలో రాస్, లాంగాకర్ అనే భాషాశాస్త్రవేత్తలు 1960లలోనే దీన్ని పట్టించుకుని రాశారు. 1976లో తాన్యా రైన్‌హార్ట్ తన పరిశోధనలో దీన్ని ఇంకా సూటిగా చెప్పింది. ముందూ వెనకా అన్నది కాదు, వాక్యపు చెట్టులో ఏది ఏ కొమ్మ మీద ఉందన్నది లెక్క. నాకు అర్థమైనంత వరకు ఇది. చెట్టు, కొమ్మ అంటే వ్యవసాయ విద్యార్థికి తొందరగా ఎక్కుతుంది.

ఈ సంగతి తీసుకుపోయి ఇంగ్లీషు చెప్పే ఒక సారుకు చూపించాను. ఓపిగ్గా విన్నారు. తర్వాత వారన్న మాటలో నిజముంది కాబట్టి అది కూడా రాయాలి. "నువ్వు చెప్పింది వ్యాకరణం ప్రకారం సరే. కాని నేను ఏటా మీ జవాబుపత్రాలు దిద్దుతా. మొదటి పేజీ మొదటి లైన్ నుంచే ఇట్, దే, దిస్. ఏ ఇట్టో, ఏ దేనో నాకు అర్థంగాదు. పేరు ముందు రాయండ్రా అని చెప్తే తప్పా?" అన్నారు. తప్పు కాదు. నా సొంత రికార్డు పుస్తకంలోనే వారి ఎర్ర సిరా 'విచ్?' అని నాలుగుచోట్ల ఉంది. తెలుగులో ఖాళీ వదిలి రాసే అలవాటున్న మనం, ఇంగ్లీషులో ఆ ఖాళీలన్నిట్లో 'ఇట్' కూరుతాం. పేరు ముందు రాయమనడం మంచి సలహా. నేను పాటిస్తాను కూడా. కాని సలహా వేరు, తప్పు వేరు. ఎరువు మోతాదు తగ్గించుమని చెప్పడానికీ, ఎరువు వేసినవాణ్ణి ఫెయిల్ చేయడానికీ తేడా లేదా? వాక్యంలో తప్పుందా లేదా అని అడిగినప్పుడు సలహాను చూపించి మార్కు కోయడం న్యాయం కాదు.

నిజానికి ఆ ప్రశ్నలో దోషం ఇంకొకటుంది. ప్రశ్నపత్రంలో వాక్యం అనాథ. ముందు వాక్యం లేదు, వెనక వాక్యం లేదు, ఆ రైతెవరో తెలియదు. మా బాపు 'వచ్చిండురా ఆయన' అంటే నాకు తెలిసేది, ట్రాక్టరు కోసం వారం నుంచి ఎదురుచూస్తున్నాం కాబట్టి. పరీక్ష హాల్లో అట్లాంటి వారం ఏదీ ఉండదు. ఆ వాక్యంలో 'హీ' రైతే కావచ్చు, ముందు వాక్యంలో వచ్చిన ఇంకెవరో కూడా కావచ్చు. రెండూ వ్యాకరణబద్ధమే! అర్థం తెలుసుకోవాలంటే సందర్భం ఇవ్వాలి. సందర్భం ఇవ్వకుండా తప్పు వెతకమంటే, పిల్లవాడు వాక్యాన్ని వదిలిపెట్టి ప్రశ్న తయారుచేసినాయన మనసును చదవాల్సి వస్తుంది. మనకు పరీక్షల్లో అసలు నైపుణ్యం అదే అయిపోయింది.

ఇట్లాంటి తగాదా మనకే వచ్చిందనుకోకండి. 2002 అక్టోబరులో అమెరికాలో పీఎస్ఏటీ అనే పరీక్షలో, 1993లో నోబెల్ బహుమతి పొందిన రచయిత్రి టోనీ మారిసన్ గురించి ఒక వాక్యం ఇచ్చి తప్పు పట్టమన్నారు. తప్పు లేదన్నది కీ. మేరీలాండ్ రాష్ట్రంలో ఒక ఉపాధ్యాయుడు ఒప్పుకోలేదు. వాక్యంలో 'హర్' అనే సర్వనామం ఉంది, దానికి ముందున్నది 'టోనీ మారిసన్స్', అంటే 'టోనీ మారిసన్ యొక్క' అని. షష్ఠీ విభక్తిలో ఉన్న పేరు విశేషణంతో సమానం, దాన్ని సర్వనామం ఎట్లా సూచిస్తుంది అని ఆయన వాదన. నెలల తరబడి ఉత్తరాలు నడిచాయి. చివరికి 2003లో ఆ ప్రశ్నను తీసివేసి, లక్షలమంది విద్యార్థుల మార్కులను మళ్ళీ లెక్కగట్టారు. ఇందులో విచిత్రం, ఆ ఉపాధ్యాయుడు చూపిన నియమమే నిలవదని కొందరు భాషాశాస్త్రవేత్తలు తర్వాత రాశారు. నాకూ అట్లాగే అనిపిస్తుంది. 'రాజయ్య కొడుకు ఆయన్ను కొట్టిండు' అంటే ఆయన రాజయ్యే కావచ్చు గదా, ఊర్లో ఎవరినడిగినా ఆ కొడుకును తిడతారు. అయినా సరే, ఒక మాష్టారు పట్టుబట్టి అడిగితే ఆ పెద్ద సంస్థ జవాబు చెప్పవలసి వచ్చింది.

మన దగ్గరా కొంత నయమే. రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ లాంటివి ముందు ప్రాథమిక కీ పెట్టి అభ్యంతరాలు అడుగుతాయి. కాని అభ్యంతరానికి ఆధారం చూపాలి. ఏ పుస్తకం, ఏ పేజీ? మా అక్క దగ్గర ఉన్న ఆధారమల్లా ఆ ఎర్ర సిరా నోటుబుక్కు, అది కీ వైపే సాక్ష్యం చెబుతుంది. కొన్ని పరీక్షల్లోనైతే కీ బయటికే రాదు. ఇక మోడల్ పేపర్ల సంగతి అడిగే నాథుడే లేడు. ఒకరి తప్పు ఇంకొకరు ఎత్తి రాసుకుంటారు, మూడు పేపర్లలో కనబడేసరికి అది నియమమైపోతుంది. ఇట్లా పుట్టిన నియమాలు ఇంకెన్ని ఉన్నాయో!

సిరిసిల్ల దగ్గరి హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డి గారు చదువుకున్నది ఉర్దూ మాధ్యమంలో. ఆ చదువుతోనే తెలుగులోకి వచ్చి 1988లో జ్ఞానపీఠం అందుకున్నారు. ఒక భాష చెవితో ఇంకో భాషను వినడం లోపమని నేననుకోను. మా మిత్రుడికి ఇద్దరు మనుషులు వినిపించడం మంచి చెవికి గుర్తు. దాన్ని తరగతిలో వాడుకుంటే పది నిమిషాల్లో తెలుగు వాక్యమూ, ఇంగ్లీషు వాక్యమూ రెండూ అర్థమవుతాయి. ప్రశ్నే అట్లా అడగవచ్చు గదా. తప్పు ఎక్కడ అనే బదులు, ఈ రెండు వాక్యాల్లో దేంట్లో 'హీ' రైతు కావచ్చు, దేంట్లో కాలేడు అని అడగండి. జవాబు ఒక్కటే వస్తుంది, ఎవరి మనసూ చదవనక్కర లేదు. బట్టీపట్టినవాడు దొరికిపోతాడు, భాష తెలిసినవాడు నిలబడతాడు.

విద్యార్థి సంఘం మిత్రులకు ఒక మనవి. గ్రంథాలయంలో ఇంగ్లీషు బల్ల దగ్గర ఒక రిజిస్టరు పెట్టించండి. మోడల్ పేపర్లలో, పాత ప్రశ్నల్లో ఎవరికైనా అనుమానపు కీ దొరికితే అందులో వాక్యం మొత్తం రాయాలి, కీ ఏమన్నదో రాయాలి, తానేమనుకుంటున్నాడో రాయాలి. నెలకొకసారి ఇంగ్లీషు శాఖ సార్లు చూసి, పక్కన పుస్తకం పేరూ పేజీ సంఖ్యా వేస్తే చాలు. సారును అడిగాను, వారు సరేనన్నారు. మొదటి పేజీలో పసుపు వాక్యం నేనే రాసి వచ్చాను. మా అక్క నోటుబుక్కులోని మిగతా ఎర్ర సిరా నియమాలు కూడా తెస్తున్నాను, నలభైకి పైనే ఉన్నయి. వచ్చే నోటిఫికేషన్‌కు ఆమెకు ఇంకా వయసుంది.